చిట్టాయు ఆవర్జాయు – లెక్కల గుమాస్తా చరిత్రము



ఈ సంవత్సరపు మహాసభా సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ఇట్టి సంచికలలో ధర్మసత్రములు కట్టించిన దాతల చరిత్రములును, ఆలయప్రతిష్ఠల వృత్తాంతములును పెక్కులు వెలువడినవి. అవి వెలువడవలసినవే. కాని ఆ సత్రములకు ధనమెక్కడనుండి వచ్చెను? అంగడినుండి. ఆ యంగడి ఎవ్వనివలన నిలిచెను? యజమానుని సాహసమువలన సగము; ఒక మూల చాపపై కూర్చుండి, ముందు పుస్తకము పఱచుకొని, ప్రతిదినమును జమాఖర్చులు వ్రాసిన గుమాస్తావలన సగము. సత్రపు ఱాతిమీద యజమానుని పేరు చెక్కబడినది. గుమాస్తాపేరు ఎచ్చటను లేదు. ఆయన చేసిన పని యెట్టిది, అది లోపించినచో చిన్నవర్తకునకు వాటిల్లు హాని యెట్టిది అను విషయమును నాకు తెలిసినంతవఱకు మనవి చేసెదను.

నేను వర్తకుడను కాను. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రమించినవాడను. అయినను బాల్యమున మా పెనుమూడిలో మేనమామగారి దుకాణమున రెండేండ్లు గుమాస్తాగారి ప్రక్కను కూర్చుండి చిట్టా వ్రాసితిని. ఆ రెండేండ్లలో నేర్చినది కావ్యములలో నేర్చినదానికంటె తక్కువ కాదని ఇప్పుడు తోచుచున్నది.

శాస్త్రమున లెక్క

లెక్కలు వ్రాయుట మనకు పరదేశీయులు నేర్పిన విద్యయని కొందఱు తలతురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమునందు అక్షపటలమను లెక్కల కచేరిని గూర్చి ప్రత్యేకముగ నొక ప్రకరణము కలదు. సంవత్సరమునకు మూడువందల ఏబదినాలుగు అహోరాత్రములు. ఆషాఢపూర్ణిమతో అది ముగియవలయును. నానాశాఖల లేఖకులు తమ పుస్తకములతో అప్పటికి వచ్చి ఆయవ్యయములను ఒప్పగింపవలయును. గడువు దాటినచో దండనము. అధికారులు ధనమపహరించు ఉపాయములను ఆయన నలువది విధములుగా లెక్కించెను. వానిలో మొదటివి, ముందు వచ్చిన సొమ్మును తరువాత వచ్చినట్లు వ్రాయుటయు, తరువాత రావలసినదానిని ముందే వచ్చినట్లు వ్రాయుటయు. అనగా మొత్తము సరిపోయినంతమాత్రమున లెక్క సరియైనదికాదు. తేదీ కూడ సరిపోవలెను. ఈ సూక్ష్మమును నేటి యంగడివారిలో ఎందఱెఱుగుదురు?

ఆ శాస్త్రమున ఆయవ్యయములు పోగా మిగిలినదానికి 'నీవి' యని పేరు. అమరసింహుడు నీవిశబ్దమును మూలధనమునకు పర్యాయముగా చెప్పెను. స్త్రీల నడుమునందలి వస్త్రపుముడికిని అదియే పేరు. కోశము వల్లించునపుడు ఈ రెండర్థములకు పొత్తేమాయని బాలుడనై సందేహించితిని. అంగడిలో కూర్చున్నపిదప సందేహము తీఱినది. ముడి వదలినచో మానము నిలువదు. మూలధనము సడలినచో వర్తకుని మానము నిలువదు. ఆ ముడిని దినదినము తడవి చూచువాడే గుమాస్తా.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున మఱియొక విధి కలదు. ఋణికుడు సొమ్ము చెల్లించినపుడెల్ల ఆ సంగతిని ఋణపత్రము వెనుక వ్రాయవలయును. లేదా ధనికుడు స్వహస్తముతో రసీదు వ్రాసి యీయవలయును. నేటికిని మన పల్లెలలో ప్రామిసరీనోటు వెనుక 'చెల్లు' వ్రాయుదుము గదా! 1963 నాటి కాలపరిమితి చట్టమును అనుసరించి, బాకీదారుడు కొంత చెల్లించి తన చేవ్రాలుతో వ్రాసినచో, అప్పటినుండి గడువు మరల మొదలగును. స్మృతికర్తకును మన ప్లీడరుగారికిని నడుమ ఇన్ని శతాబ్దములున్నను కాగితపు వెన్ను మాఱలేదు.

మన తీరమున లెక్క

శాస్త్రము విడిచి మన నేలకు వచ్చెదము. ఆంధ్రభాషలో గణితశాస్త్రమును తొలుత రచించిన మల్లన పావులూరివాడు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును ఆయన తెనిగించెను. ఆ పావులూరు నేడు బాపట్లజిల్లాలో, ఇంకొల్లు చెంత నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పెనుమూడియు ఆ జిల్లాలోనిదే గనుక, తెలుగులెక్క మన జిల్లాలో పుట్టినదని చెప్పుకొనుట అతిశయోక్తి కాదు.

అదే జిల్లాలోని మోటుపల్లి రేవున 1244లో కాకతి గణపతిదేవుడు అభయశాసనము వేయించెను. గాలివానలకు చిక్కి ఒడ్డునబడిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండగా, ధనము ప్రాణముకంటె ప్రియమైనదని తలచి, తాను శుల్కము మాత్రమే గైకొని తక్కినదెల్ల విడిచిపెట్టుచున్నానని ఆ రాజు ప్రకటించెను. చందనము, కర్పూరము, దంతము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు మొదలగు సరకులపై శుల్కమెంతయో ఆ ఱాతిమీదనే చెక్కబడెను. ఈ శాసనమును చదివినవారు రాజును స్తుతింతురు. నేనును స్తుతింతును. కాని సరకువారీ శుల్కము నిర్ణయించినపిదప దానిని తూచి, లెక్కించి, వ్రాసికొను లేఖకుడు రేవున లేనిచో ఆ యభయము ఱాతిమీదనే నిలిచిపోవును.

మఱి మూడుశతాబ్దులు గడచినవి. రేపల్లెకు దక్షిణముననున్న నిజాంపట్టణమున 1606లో డచ్చివారును, 1611లో 'గ్లోబు' అను ఓడపై వచ్చిన ఆంగ్లేయులును వర్తకమునకు దిగిరి. మచిలీపట్టణమున ఆంగ్లేయ వర్తకాధికారిగా నుండిన మెథోల్డు గోలకొండరాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతము 1626లో అచ్చుపడినది. అందు కోమట్లు పల్లెపల్లెకు పోయి సాలెవారియొద్ద బట్టలు ప్రోగుచేసి, రేవుపట్టణములలో పెద్దమొత్తములుగా విదేశీయులకు అమ్ముదురనియు, వారిలో కొందఱు నాణెములు మార్చుటయందు మిక్కిలి నేర్పరులనియు, పేదవారు చిల్లర యంగళ్లు నడుపుదురనియు చెప్పబడినది. బ్రాహ్మణలేఖకులు తాటాకులపై ఇనుపగంటముతో లెక్కలు వ్రాయుటయు ఆయన కంటబడినది. సాలెవానికి ముందుగా ఇచ్చిన రొక్కమెంత, అతడిచ్చిన బట్ట యెంత, నిలిచిన బాకీ యెంత? గంటపుమొన పలుకనిచో ఈ మూటికి సమాధానము లేదు. అప్పటికి నూఱేండ్లకు ముందే, 1494లో, వెనిసు నగరమున పచియోలి యను సన్న్యాసి తన గణితగ్రంథమున ప్రతివ్యవహారమును ఇరుప్రక్కల వ్రాయు పద్ధతిని అచ్చొత్తించియుండెను. ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు లేక వ్యవహారము లేదను సంగతి మాత్రము ఇరుతావుల నొక్కటియే.

మఱియొక విశేషము. కర్నల్ మెకంజీ గ్రామచరిత్రములను సేకరింపించినపుడు ఆయన మనుష్యులకు ఆధారమైనవి కరణముల యింటి దండకవిలెలు. వానినుండి పుట్టిన కైఫీయతులే నేడు మన పల్లెల పూర్వచరిత్రమునకు మూలములు. పన్నులెక్క వ్రాసినవాడు చరిత్ర వ్రాయుచున్నానని తలపలేదు. అయినను ఆతడు వ్రాసినదే నిలిచినది. ఆ కరణపు ఉద్యోగము 1984 జనవరిలో రద్దయినది.

చిట్టా యేమి? ఆవర్జా యేమి?

1855లో కృష్ణకు ఆనకట్ట ముగిసినపిదప రేపల్లెసీమ వరిపొలమయ్యెను. 1916లో రైలు రేపల్లెకు వచ్చెను. వరితోకూడ 'కోతలకిచ్చెదము' అను మాటయు వచ్చెను. రైతు ఆషాఢమునుండి పుష్యమువఱకు ఉప్పు, పప్పు, కిరసనాయిలు అరువు తెచ్చుకొని, పంట యింటికి వచ్చినపుడు తీర్చును. ఆఱునెలల నోటిమాట నీటిమూట. దానిని మోయవలసినవి రెండు పుస్తకములు.

మొదటిది చిట్టా. జరిగినదెల్ల జరిగినదినముననే, జరిగిన వరుసలోనే అందు వ్రాయబడును. ఎడమప్రక్క జమ, కుడిప్రక్క ఖర్చు. నాటి రాత్రి పద్దులు కూడి, గల్లాపెట్టెలోని రొక్కము లెక్కించి, రెండును సరిపోయినపిదపనే దీపమార్పవలయును. అర్ధరూపాయి తేడా వచ్చినను నిద్ర లేదు. చిట్టాలో కొట్టివేత తప్పుకాదు; గోకివేత తప్పు. కొట్టివేసినచో క్రింది అంకె కనబడును.

రెండవది ఆవర్జా. చిట్టాలోని పద్దులను మనిషివారీగా ఎత్తి వ్రాయుటకు అది. ఒక్కొక్క ఖాతాదారునకు ఒక్కొక్క పుట. చిట్టా 'ఈదినమేమి జరిగినది?' అను ప్రశ్నకు బదులు చెప్పును. ఆవర్జా 'ఈమనిషికిని మనకును నడుమ నేమున్నది?' అను ప్రశ్నకు బదులు చెప్పును. ఒకదానిలోని తప్పును రెండవది పట్టియిచ్చును. ఒక్క పుస్తకముతో నడచు దుకాణము ఒక్క చక్రపు బండివంటిది.

పూర్వము ఈ పని మఱింత కఠినముగ నుండెను. పుట్టికి ఇరువది తూములు, తూమునకు నాలుగు కుంచములు. మణుగునకు ఎనిమిది వీశెలు. రూపాయికి పదాఱణాలు, అణాకు పండ్రెండు పైలు. పదునేడు కుంచముల ధాన్యమునకు వెల కట్టుట నోటిలెక్కతో నిమిషములో ముగియవలయును. 1957 ఏప్రిల్ 1వ తేదీని నయాపైసలు వచ్చినపిదప ఈ భారము తగ్గినది. కాని తగ్గినది గణితపు భారము. లెక్క భారము కాదు. ఆ భేదమును ఒక ఉదాహరణముతో చూపెదను.

ఒకదినపు లెక్క

ఒక చిన్నదుకాణమున ప్రొద్దున గల్లాలో నలువదిరెండు రూపాయలున్నవి. ఆదినము రొక్కపు అమ్మకము పదునెనిమిది. ఒక రైతు అరువు పట్టుకొనిపోయిన సరకు ఆఱు. పాతబాకీ వసూలు పది. అమ్మిన సరకు తెప్పించిన పడవకూలి మూడు. ఇంటిఖర్చునకు యజమానుడు తీసికొన్నది అయిదు. రాత్రి గల్లాలో అఱువదిరెండు రూపాయలున్నవి. యజమానుడు సంతోషించి, 'నేడిరువది మిగిలినది' అనును.

గుమాస్తా ఇట్లు చెప్పును. 'అయ్యా! అమ్మినది ఇరువదినాలుగు రూపాయల సరకు. అది మనకు పడిన వెల ఇరువదియొకటి. మిగిలిన మూడును పడవకూలికి పోయినవి. నేటి లాభము సున్న. పాతబాకీ పదియు క్రొత్త సంపాదన కాదు. మన సొమ్మే మనకు తిరిగివచ్చినది. ఇంటికి తీసికొన్న అయిదు రూపాయలు లాభమునుండి కాదు, మూలధనమునుండి పోయినవి. నేడు మనము అయిదురూపాయలు తక్కువయితిమి.'

చూడుడు! పెట్టె ఇరువది పెరిగినది. నీవి అయిదు తరిగినది. పెట్టెను చూచి బ్రదుకువాడు ఇట్లే ప్రతిదినమును సంతోషించుచు, మూడేండ్లకు దుకాణము మూసికొనును. ఎందువలన మూసితినో తుదివఱకు వానికి తెలియదు. గ్రహచారమనును, ఎదుటి దుకాణమువాని దృష్టిదోషమనును. రొక్కమును లాభమునుండియు, ఇంటిని అంగడినుండియు వేఱుచేసి చూపుట గుమాస్తా చేయు మొదటి యుపకారము. కూడికలు తీసివేతలు దాని తరువాతివి. కూడికలు యంత్రమును చేయును.

పెనుమూడి దుకాణము

ఇక నేను కన్నదానిని చెప్పెదను. పెనుమూడి కృష్ణగట్టున నున్నది, ఆవలిగట్టున పులిగడ్డ. నేడు నడుమ వంతెన కలదు. నా బాల్యమున రేవు మాత్రమే. రేవునకు వచ్చు పడవవారు, లంకరైతులు, చేపలు పట్టువారు, వీరే మా మేనమామగారి ఖాతాదారులు.

1977 నవంబరు 19వ తేదీని వచ్చిన ఉప్పెనకు ఆవలిగట్టున దివిసీమలో వేలకొలది జనులు మడిసిరి. మా గట్టున గాలివాన దుకాణపు కప్పు నెగురగొట్టినది. పంచదార కరగిపోయినది, బియ్యము నానిపోయినది. చెక్కపెట్టెలోని ఆవర్జా మాత్రము పొడిగా దక్కినది. చిట్టాపుస్తకములు తడిసి ముద్దలైనవి. సరకు పోయిన దుఃఖమున మేనమామగారు, పదిదినములు గడువకమున్నే, ఆవర్జా చేతబట్టుకొని బాకీలడుగుటకు సిద్ధమైరి. ఆయనను నిందింపను, ఆయనయు టోకువర్తకునకు బాకీపడియుండెను.

మొదట పిలువబడినది ఆయేడే జ్వరమున గతించిన యొక పడవవాని భార్య. పుట చూడగా నలువదిరూపాయల పైచిల్లర బాకీ నిలిచియున్నది. ఆమె చేతులు కట్టుకొని, "అయ్యగోరూ, పోయిన వైశాఖంలో మావాడు నలబై రూపాయలు మీ చేతిలోనే పెట్టాడండి. నేను పక్కనే ఉన్నాను," అనెను. "ఆవర్జాలో లేదమ్మా," అని మేనమామగారనిరి. నలువది రూపాయలు ఆనాడామెకు చిన్నసొమ్ము కాదు. కప్పులేని దుకాణమున నిలిచినవారెల్లరు మౌనము వహించిరి.

అప్పుడు గుమాస్తాగారు లేచిరి. డెబ్బదియేండ్ల వృద్ధు, యజమానునకు ఎదురాడి యెఱుగడు. "ఆవర్జాలో లేకుంటే చిట్టాలో లేదని కాదు. పుస్తకాలు ఆరేదాకా ఎవరి బాకీ అడగవద్దు బాబూ," అనిరి. నాలుగుదినములు ఆయనయు నేనును ఆకుకాకు విడదీసి, చాపలపై నీడను ఆఱబెట్టితిమి. సిరా కొన్నిచోట్ల అల్లుకొనిపోయినది. వైశాఖమాసపు పుటలలో, పైవారము పద్దులు తడిమి తడిమి చదువగా, ఆ పడవవాని పేర జమ నలువది కనబడినది. వ్రాత గుమాస్తాగారిదే. చిట్టానుండి ఆవర్జాకు ఎత్తుటలో అది తప్పిపోయినది.

ఆయన ఆ పుటను మేనమామగారికి చూపి, ఆమెను పిలిపించి, పదిమందియెదుట "తప్పు నాదమ్మా" అనిరి. తరువాత ఆవర్జాలో ఆ పద్దు ఎక్కించి, ప్రక్కను నాటి తేదీ వేసిరి. మేనమామగారు కొంతసేపు పలుకలేదు. పిదప మిగిలిన పైచిల్లరను చెల్లు వ్రాయించిరి. ఈ వార్త రేవుదాటి పోయినది. ఆయేటి కోతలు అంతంతమాత్రమే. అయినను సంక్రాంతి ముందు ఖాతాదారులలో పెక్కురు పిలువకయే వచ్చి, 'నా పుట తీయండి' అనిరి. పోయిన సరకు తిరిగి రాలేదు. దుకాణము మాత్రము నిలిచినది.

ఖాతాపుస్తకము వర్తకుని సొత్తని నేనంతవఱకు తలచుచుంటిని. అది ఇరువురి సొత్తు. బాకీదారుని యప్పు ఎంత సత్యముగ అందుండవలయునో, వాడు కట్టిన సొమ్మును అంత సత్యముగ నుండవలయును. యజమానుని జీతము తినుచు, యజమానుడు కానివాని పక్షమున కూడ సాక్షియై నిలుచువాడు గుమాస్తా. వర్తకులు క్రమముగా ఉంచిన లెక్కపుస్తకములను న్యాయస్థానమున ఆధారముగా గ్రహింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము విధించినది. అయితే ఆ పుస్తకము నొక్కదానిని చూపి ఎవ్వనిని బాధ్యుని చేయరాదనియు అదియే చెప్పినది. 2024 జులై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన క్రొత్తచట్టమునందును ఈ నియమము నిలిచియున్నది. పుస్తకమును నమ్మవలెను, పుస్తకము వ్రాసినవానిని పరీక్షింపవలెను.

నూతనకాలము

1939లో చెన్నరాజధానిలో అమ్మకపుపన్ను పుట్టినది. కొంత పరిమితికి లోబడిన వర్తకులకు మినహాయింపుండెను. కాని ఆ పరిమితికి లోబడితినని చూపుటకైనను లెక్క వలయును గదా! నాటినుండి గుమాస్తా అంగడికిని ప్రభుత్వమునకును నడుమ కూడ సాక్షియయ్యెను. 2005 ఏప్రిల్‌లో వ్యాట్, 2017 జులై 1వ తేదీని జీఎస్టీ వచ్చినవి. కొన్న బిల్లునకును అమ్మిన బిల్లునకును పొంతన చూడవలయును. కొన్నపుడు కట్టిన పన్నును అమ్మినపుడు కట్టవలసినదానిలో తగ్గించుకొనవలయును. అమ్మినవాడు తన లెక్కలో చూపనిచో కొన్నవానికి చిక్కు. అనగా మన లెక్క ఎదుటివాని లెక్కతో ముడివడినది.

ఇప్పుడు చాపలేదు, గంటములేదు, కంప్యూటరున్నది. గల్లాలోనికి రాకయే సొమ్ము ఫోనుద్వారా బ్యాంకున పడుచున్నది. యంత్రము ఎన్నడును కూడిక తప్పదు. కాని ఇంటి బియ్యపుమూటను అంగడిఖర్చుగా వ్రాసినచో, 'అయ్యా, ఇది ఇంటిది' అని యంత్రమనదు. వసూలుకాని పాతబాకీని ఆస్తిగా చూపుకొనుచుండినచో, 'ఇది రాదు, విడువుడు' అని యంత్రమనదు. ఆమాట అనుటకు మనిషి కావలెను. వినుటకు యజమానుడు కావలెను. ఆడిటరుగారున్నారుగదా యని కొందఱందురు. ఆడిటరు వ్రాసినదానిని పరీక్షించువాడు; వ్రాయనిదానిని ఆయనయు పరీక్షింపలేడు. సంవత్సరాంతమున సంచిలో పోసి తెచ్చిన చీటీలనుండి పుట్టినది లెక్క కాదు, కాకిలెక్క.

విన్నపము

వ్యాసము ముగించుచు మహాసభవారికి మూడు విన్నపములు చేసెదను. మన విద్యార్థివసతులలోని బాలురకును బాలికలకును, ఏ చదువు చదువుచున్నను, చిట్టా ఆవర్జా వ్రాయుట ఒక వేసవిలోనైనను నేర్పింపుడు. చిన్నయంగడివారు నలుగురైదుగురు కూడి ఒక్క లేఖకుని నియమించుకొనునట్లు ప్రోత్సహింపుడు. ఒక్కొక్కరికి భారమైన జీతము నలుగురికి భారము కాదు. మూడవది, మన మహాసభల వేదికపై దాతలకు శాలువలు కప్పునపుడు, నలువదియేండ్లు ఒక్క పద్దు తప్పక వ్రాసిన గుమాస్తాను కూడ పిలిచి కప్పుడు. ఆయన పేరు ఱాతిమీద లేదు. ఈ సంచికలోనైనను ఉండనిండు.

మా గుమాస్తాగారు గతించి చాలకాలమైనది. ఆనాడు మేమాఱబెట్టిన చిట్టా నాయొద్ద నున్నది. వైశాఖపు పుటలు ఇప్పటికిని ముడుతలు పడియే యున్నవి. ఆ నలువదిరూపాయల పద్దు మాత్రము చక్కగా చదువవచ్చును.